అంచనా పక్కన అసలు లెక్క

సూర్యుడి గురించి శాస్త్రవేత్తలు వేసిన అంచనా ఒకటి తప్పిందని వినగానే మన జ్యోతిషాభిమానులకు ఎక్కడలేని హుషారు వస్తుంది. "మీవాళ్ళూ తప్పుతారు, మా సిద్ధాంతిగారూ తప్పుతారు, ఇక తేడా ఏముంది?" అంటారు. రక్షణ శాఖ పద్దులు చూస్తూ ఉద్యోగమంతా గడిపినవాడిని. తేడా నాకు బాగానే కనిపిస్తుంది.

మాకు ఏటా బడ్జెట్ ఎస్టిమేటు, తర్వాత రివైజ్డ్ ఎస్టిమేటు, చివరికి అసలు ఖర్చు. మూడూ ఒకటి కావడం అరుదు. కానీ మూడూ పక్కపక్క గడుల్లో ఉండాలి, తేడా ఎందుకొచ్చిందో రాసి సంతకం పెట్టాలి.

అమెరికాలో కొలరాడో రాష్ట్రం, బౌల్డర్‌లోని అంతరిక్ష వాతావరణ అంచనాల కేంద్రం చేసేదీ దాదాపు ఇదే. రోజూ రాబోయే మూడు రోజులకు అంచనా వేస్తుంది. సౌరజ్వాల రావచ్చు అని ఊరుకోదు, ఎంత శాతం అవకాశమో చెబుతుంది. భూమి అయస్కాంత క్షేత్రం ఎంత కలత చెందుతుందో ప్రతి మూడు గంటలకూ 0 నుంచి 9 వరకు ఒక అంకె వేస్తుంది. తర్వాత కొలిచిన అంకె వస్తుంది. రెండూ పక్కన పెట్టి ఎవరైనా చూసుకోవచ్చు.

2024 మేలో ఏమైంది? ఐదు మెట్ల కొలబద్దలో నాలుగో మెట్టు తుఫాను వస్తుందని ముందు హెచ్చరించారు. మే 10న వచ్చింది ఐదో మెట్టుది, 2003 అక్టోబరు తర్వాత మొదటిది. లడఖ్‌లోని హాన్లేలో ఆకాశం ఎర్రబడింది. అమెరికాలో జీపీఎస్ ఆధారంగా విత్తనాలు వేసే ట్రాక్టర్లు సాలు తప్పాయి. అంచనా తక్కువైంది, ఆ సంగతి రికార్డులో అలాగే ఉంది.

ఎందుకు తప్పుతుందో కూడా తెలిసిన విషయమే. సూర్యుడి నుంచి ఎగసిన ప్లాస్మా మేఘం వేగం దూరం నుంచే లెక్కకట్టవచ్చు. దానిలోని అయస్కాంత క్షేత్రం ఎటు తిరిగి ఉందో మాత్రం, భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరంలో ఉన్న నౌకలను తాకేదాకా సరిగా అందదు. దక్షిణంవైపు తిరిగి ఉంటే మనకు దెబ్బ ఎక్కువ. మన ఆదిత్య-ఎల్1 కూడా 2024 జనవరి 6 నుంచి అక్కడే ఉంది. ఆ కబురు చేరాక మనకు మిగిలే వ్యవధి తరచు గంటలోపే.

మనవాళ్ళకూ ఒక మాట. "ఈ రాత్రి విశ్వకిరణాలు, ఫోన్లు కట్టేయండి" అనే పుకార్లను కొట్టిపారేసే ఊపులో సౌర తుఫానే బూటకమనేవాళ్ళు మనలోనూ ఉన్నారు. 1989 మార్చి 13న కెనడాలోని క్విబెక్‌లో సుమారు 60 లక్షల మంది 9 గంటలు కరెంటు లేకుండా ఉన్నారు. 2022 ఫిబ్రవరిలో ఒక చిన్న తుఫానుకే ఎగువ వాతావరణం చిక్కబడి, స్పేస్‌ఎక్స్ అప్పుడే వదిలిన 49 ఉపగ్రహాల్లో 38 రాలిపోయాయి. పుకారులో అంకె ఉండదు, చెప్పినవాడి పేరుండదు, రేపు సరిచూసుకునే చోటుండదు.

ఇక పంచాంగం. నా రాశికి ఆదాయం ఇంత, వ్యయం ఇంత అంటుంది (నా పింఛను కాగితం ఎన్నడూ దానితో ఏకీభవించలేదు). ఎన్ని కుంచాల వానో, అందులో సముద్రం మీద ఎంతో, కొండల మీద ఎంతో చెబుతుంది. గ్రహణాల వేళలు సరిపోతున్నాయిగా అంటారు. సరిపోతాయి, అది గణితం. ఫలితాల మాటేమిటి? నిరుడు చెప్పిన వాన ఎంత, కురిసినది ఎంత అనే గడి నేనింతవరకు ఏ పంచాంగంలోనూ చూడలేదు. వచ్చే ఉగాదికి ఆ ఒక్క పేజీ అచ్చు వేయించమని సిద్ధాంతిగార్లను అడుగుదాం. ఖర్చు పెద్దగా కాదు.