నియమం రాసేచోట మనకొక పీట

మాతృభాషా హక్కు అనగానే మనకు బడి, పాఠ్యపుస్తకం, న్యాయస్థానం గుర్తుకు వస్తాయి. ఇరవయ్యేళ్లుగా న్యాయవాదిగా నేను ఎక్కి దిగినవీ ఆ గడపలే. ఇప్పుడు మరొక గడప మన ముందుకు వచ్చింది. భాషాపరిశోధన కోసం పదుగురు కలసి తయారుచేసే ఓపెన్‌సోర్స్ సాఫ్ట్‌వేర్ ఆ గడప. దానిని మనం ఇంకా గుర్తించనే లేదన్నది నా బాధ.

రాజపాళయంలో మా మేనత్తకు ఎనభై ఏళ్లు దాటాయి. పుట్టిననాటి నుంచి ఆమె ఇంట్లో పలికింది తెలుగే. బడిలో చదివిందీ, నేటికీ సంతకం పెట్టేదీ తమిళంలో. విజయనగర కాలంలో దక్షిణానికి దిగివచ్చిన రాజుల ఇళ్లలో ఇది వింత కాదు. నోట తెలుగు, చేతిలో తమిళం. ఒక పండుగనాడు మా అమ్మాయి, మాటను అక్షరాలుగా మార్చే పరికరమొకటి ఫోనులో తెరచి ఆమె ముందు పెట్టింది. అత్త తన పెండ్లినాటి ముచ్చట చెప్పింది. తెరమీద కొన్ని మాటలు మారిపోయాయి, కొన్ని మాయమయ్యాయి, మిగిలినవి అతుకు లేకుండా వచ్చాయి. పిల్లలు నవ్వారు. అత్త మాత్రం నవ్వలేదు. "దానికి తెలుగు రాదా, నాకే రాదా?" అని అడిగింది. ఎవరమూ జవాబు చెప్పలేకపోయాం.

జవాబు కష్టమైనదేమీ కాదు. యంత్రం తనకు వినిపించిన గొంతుల నుంచే నేర్చుకుంటుంది. వేలమంది పలికిన వాక్యాలనూ వాటి రాతరూపాలనూ పక్కపక్కన పెట్టి దానికి పాఠం చెబుతారు. ఆ పాఠంలో మన క్రియాపదాల తుదులు, మన యాస, తమిళం నుంచి మనలో కలసిపోయిన మాటలు లేకపోతే మన తెలుగు దానికి తెలుగుగా తోచదు. 2011 జనగణన ప్రకారం తమిళనాడులో తెలుగు మాతృభాషగా గలవారు సుమారు 42 లక్షలు. ఇంతమంది పలుకుబడి ఆ పాఠంలో చేరాలా వద్దా అన్నది ఎవరు నిర్ణయిస్తున్నారు?

ఒక ఉదాహరణ చూద్దాం. మొజిల్లా సంస్థ 2017లో కామన్ వాయిస్ అనే పథకాన్ని ప్రారంభించింది. లోకంలోని భాషల గొంతులను స్వచ్ఛందంగా సేకరించి, పరిశోధకులకు ఉచితంగా అందించడం దాని ఆశయం. దాని సాఫ్ట్‌వేర్ ఓపెన్‌సోర్స్. అంటే లోపలి సంకేతమంతా అందరికీ కనిపించేలా ఉంచి, ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు అని లైసెన్సులో రాసి ఇచ్చినది. తెలుగుకూ అందులో చోటుంది. అయితే పోగుపడిన తెలుగు పలుకు తమిళంతో పోలిస్తే చాలా తక్కువ. పద్ధతి ఇది: తెరమీది వాక్యాన్ని ఒకరు చదువుతారు, ఆ చదువును ఇతరులు విని సరి, తప్పు అని తేలుస్తారు.

చిక్కు ఇక్కడే ఉంది. వాక్యం తెలుగు లిపిలో ఉంటుంది. రోజంతా తెలుగు మాట్లాడి తెలుగు లిపి చదవలేని మా అత్తవంటివారు ఆ తలుపు దాటలేరు. చదవగలిగినవారు చదివినా, పుస్తకవాక్యంలో ఇంటి తెలుగు వినిపించదు. యాసభేదాన్ని తప్పుగా లెక్కించవద్దని నియమావళి చెబుతున్నప్పటికీ, మన యాసను ఎన్నడూ విననివారు తీర్పరులైతే మన పలుకు తప్పుల జాబితాలో చేరే ప్రమాదం ఉంది. ఇటీవలి కాలంలో, అడిగిన ప్రశ్నకు సొంతమాటల్లో జవాబు చెప్పే పద్ధతినీ చేర్చారు. ఇది మంచి మార్పు. కాని ఆ జవాబును తిరిగి రాతలో పెట్టడానికి లిపీ, యాసా రెండూ తెలిసినవారు కావాలి. ఆ పని మన పిల్లలే చేయాలి.

ఇందులో ఎవరి దురుద్దేశమూ లేదు. నియమం రాసిననాడు అక్కడ మనం లేము, అంతే. ఈ అనుభవం మనకు కొత్తదీ కాదు. తమిళనాడులో 2006లో తమిళ అభ్యసన చట్టం వచ్చింది. ఏటా ఒక తరగతి చొప్పున పైకి సాగి, 2015-16 నాటికి అది పదో తరగతిని తాకింది. అప్పటినుంచి మన పిల్లలు పరీక్షకు ముందు మినహాయింపు కోసం కోర్టు మెట్లెక్కవలసి వచ్చింది. 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ మినహాయింపును మరో ఏడాది పొడిగించింది. రాజ్యాంగం 29వ అధికరణం భాషను కాపాడుకునే హక్కును మనకు ఇచ్చింది. 350ఎ ప్రాథమిక దశలో మాతృభాషాబోధనకు వసతులు కల్పించమంది. అయినా ఏడాదికొకసారి అర్జీ పట్టుకుని నిలబడ్డాం. హక్కు కాగితంమీద ఉన్నంతమాత్రాన అమలు జరగదని మనకంటే బాగా ఎవరికి తెలుసు?

ఓపెన్‌సోర్స్ లైసెన్సూ అలాంటి కాగితమే. "మార్చుకోవచ్చు" అంటుంది. ఏ మార్పును ఉమ్మడి ప్రతిలోకి తీసుకోవాలో నిర్ణయించేది మాత్రం ఆ పథకపు నిర్వాహకులు. అందుకే బాధ్యతగల సమూహాలు పాలనకు కూడా నియమాలు రాసుకున్నాయి. డెబియన్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ సమూహం 1998లోనే రాజ్యాంగం రాసుకుని, తన నాయకుణ్ణి ఏటా సభ్యుల ఓటుతో ఎన్నుకుంటోంది. శాస్త్రపరిశోధనకు విరివిగా వాడే పైథాన్ భాషను పుట్టించిన వ్యక్తి 2018లో తుదినిర్ణయాధికారం వదులుకున్నప్పుడు, ఆ సమూహం పలు ప్రతిపాదనలు చర్చించి, ఓటు వేసి, అయిదుగురు సభ్యుల మండలిని ఏర్పరచుకుంది. ఒకే సంస్థ ఉద్యోగులు అందులో ఇద్దరికి మించరాదని నియమం. పెట్టుబడి ఎవరిదైనా పెత్తనం ఒక్కరిది కారాదన్న జాగ్రత్త అది.

ఇది మనకు అర్థంకాని సంగతి కాదు. సింగరాజ కోట, సక్కరాజ కోట వంటి మా వాడల్లో చావడులున్నాయి. పదిమందీ కూర్చుని వాడ వ్యవహారం తేల్చుకునే చోటది. ఉమ్మడి సొత్తుకు ఉమ్మడి నియమం ఉండాలని మనకు ఏ కంప్యూటరూ నేర్పనక్కరలేదు.

"మనలో ఇంజనీర్లు ఎందరు? మన మాట వినేదెవరు?" అని కొందరు మిత్రులు అడుగుతున్నారు. సంకేతం రాయడం ఈ పనిలో ఒక భాగం మాత్రమే. ఫలానా మాట తప్పు వస్తోందని వివరంగా తెలియజేయడం పని. వినడం, సరిచూడడం, పదాల పట్టిక కూర్చడం పని. అలా ఏళ్లతరబడి చేసినవారికే ఆ సమూహాల్లో మాట చెల్లుతుంది. అచ్చుపుటను అక్షరాలుగా మార్చే టెసరాక్ట్ కథ చూడండి. హ్యూలెట్ ప్యాకర్డ్‌లో 1985లో మొదలై, 2005లో ఓపెన్‌సోర్సుగా బయటికి వచ్చి, 2006 నుంచి 2018 దాకా గూగుల్‌లో పెరిగింది. ఆ తర్వాత కూడా అది ఆగలేదు. ఉమ్మడి కార్యకర్తలు దాన్ని నడుపుతున్నారు. తెలుగు అచ్చునూ అది చదువుతుంది.

మరొక అభ్యంతరం బరువైనది. "మన పెద్దల గొంతు ఇస్తే ఎవరో వ్యాపారం చేసుకోరా?" చేసుకోవచ్చు. కామన్ వాయిస్ గొంతులు సీసీ జీరో అనే అంకితపత్రం కింద వెలువడతాయి. అంటే వ్యాపారులతో సహా ఎవరైనా వాడవచ్చు. ఒకసారి లోకానికి విడిచిన హక్కును వెనక్కు తీసుకోలేము. న్యాయవాదిగా ఈ మాట దాచడం తప్పు. న్యూజిలాండులో మావోరీల తే హికు ప్రసార సంస్థ 2018లో పది రోజుల్లో సుమారు 300 గంటల పలుకును సేకరించింది. కాని దాన్ని అందరికీ విడిచిపెట్టలేదు. సమాజం సంరక్షణలోనే ఉంచి, వాడుకకు సొంత షరతులు రాసుకుంది. పూర్తిగా విడవాలా, షరతులతో ఇవ్వాలా అన్నదానిలో నా మొగ్గు విడవడం వైపే. దాచుకున్న భాష యంత్రానికి అందదు, మన అంచు తెలుగుకు దాచుకునేంత వ్యవధి లేదు. అయితే ఆ నిర్ణయం నాది కాదు. గొంతు ఇచ్చేవారిది.

కనుక నా ప్రతిపాదన ఇది. మొదట ప్రతి ఊరి తెలుగు సంఘమూ ఒక సాయంత్రం సమావేశమై ఈ ఒక్క విషయం చర్చించాలి. ఏ లైసెన్సు కింద ఇస్తున్నామో, దాని అర్థమేమిటో, పెద్దలకు వారి ఇంటి తెలుగులో వివరించి సమ్మతి తీసుకోవాలి. చిన్నపిల్లల గొంతుకు తల్లిదండ్రుల అనుమతి తప్పనిసరి. ఆపైన లిపి తెలిసిన ఇద్దరు ముగ్గురు యువకులు పెద్దల పలుకును రాతలో పెట్టాలి, దిద్దకుండా, పలికినది పలికినట్టు. ఆ యువకులే ఆ పథకాల చర్చల్లో సభ్యులై, యాసలను విడిగా గుర్తించాలనీ, మన ప్రాంతపు తీర్పరులు ఉండాలనీ అడగాలి. హోసూరులోనైనా, బళ్లారిలోనైనా, రాయగడలోనైనా ఇదే పద్ధతి.

ఈ పత్రిక చదవగలిగిన మీ ఇంట్లోనే, దీన్ని చదవలేని ఒక తెలుగు పెద్ద ఉండవచ్చు. ఈ వ్యాసం వారికి చదివి వినిపించండి. ఏమంటారో అడగండి. మా అత్త అడిగిన ప్రశ్నకు నేను ఆనాడు జవాబు చెప్పలేకపోయాను. "తెలుగు నీకు వచ్చు అత్తా, దానికే ఇంకా నేర్పాలి" అని ఇప్పుడు చెబుతున్నాను. నేర్పేవారిలో మనమూ ఉండాలి.