చమురంటిన రెక్కలు

తొలకరి వాన కురిసిన నాడు అమీర్‌పేట, పంజాగుట్ట వీథులలో పారు నీటిమీద ఇంద్రధనుస్సు రంగులు తేలియాడుట బడికి పోవు పిల్లలెల్లరు చూచియే యుందురు. ముచ్చట గొలుపు ఆ రంగులు వాహనములనుండి కారిన చమురుపొరవి. మరమ్మతు షెడ్లవద్ద కాలువలో గుమ్మరించిన ఇంజను ఆయిలును దానితో కలియును. ఈ పేటల నీరు పల్లమునకు దిగి తుదకు హుస్సేన్‌సాగరమును చేరును. ఇబ్రహీం కుతుబ్‌షా కాలమున, 1562 ప్రాంతమున నిర్మితమైన ఈ చెరువు ఒకప్పుడు నగరవాసుల దాహము తీర్చినది. తరువాతి కాలమున కూకట్‌పల్లి, పికెట్, బంజారా, బల్కాపూర్ నాలాలు దానిని మురుగుతోను, పరిశ్రమల వ్యర్థములతోను నింపినవి. అయినను కొంగలు, నీటికాకులు దానిని విడువలేదు.

నీటిపక్షి ఈకను భూతద్దము క్రింద పరికించినచో, సన్నని పోగులు చిరుకొక్కెములతో ఒకదాని నొకటి పట్టుకొనియుండుట కనబడును. ఆ అల్లికలో నిలిచిన గాలియే పక్షిని నీటిపై తేల్చును, ఒంటివేడిని కాపాడును. చమురు సోకగానే పోగులు ముద్దకట్టును, నీరు లోనికి చొచ్చును. బరువెక్కిన పక్షి ఎగురలేదు, చలికి వణకుచు తిన్న తిండినంతయు వేడికై ఖర్చుపెట్టును. ముక్కుతో ఈకలు దువ్వుకొనుట దానికి పుట్టువుతో వచ్చిన అలవాటు. ఆ శుభ్రతయే దానికి ముప్పు. కడుపులోనికి పోయిన చమురు ప్రేవులను, కాలేయమును, మూత్రపిండములను చెరచును. ఎర్ర రక్తకణములు నశించి రక్తహీనత కలుగును. పొదుగు తల్లి రొమ్ము ఈకలనుండి కొద్దిపాటి చమురు గ్రుడ్డున కంటినను లోని పిండము చావవచ్చును.

2023 డిసెంబరులో, మిచౌంగ్ తుపాను వరదల వేళ, చెన్నైకి ఉత్తరమునగల ఎన్నూరు ఉప్పుటేటిలో చమురు పరచుకొన్నది. నల్లబడిన గూడబాతుల చిత్రములు పత్రికలలో వెలువడినవి. మన సూళ్లూరుపేట చేరువ నేలపట్టులో గూళ్లు కట్టునది ఆ జాతియే. 1989లో అలాస్కా తీరమున ఎక్సాన్ వాల్డెజ్ ఓడ ఒలికించిన చమురునకు రమారమి 2,50,000 సముద్రపక్షులు బలియైనవని అంచనా.

హుస్సేన్‌సాగరమున అట్టి ఉపద్రవము వచ్చినదని ఎవరును అనరు. కాని ఓడ పగిలినచో లోకమెల్ల చూచును. షెడ్డు ముందటి కాలువలో దినదినము పడు గ్లాసెడు చమురునకు ఛాయాచిత్రము తీయువాడు లేడు. ఈక కట్టడికి మాత్రము ఆ భేదము తెలియదు.

వాడిన ఆయిలు ప్రమాదకర వ్యర్థమనియు, అనుమతి పొందిన శుద్ధికారులకే దానిని అప్పగింపవలెననియు 2016 నాటి కేంద్ర నియమములు శాసించుచున్నవి. చిన్న మెకానిక్కు దానిని మోసికొని ఎక్కడికి పోవును? ఇంటింటికి చెత్తబండి వచ్చునట్లే, వారమున కొకమారు షెడ్డు షెడ్డుకును డబ్బాలు పట్టుకొనిపోవు బండిని నగరపాలకులు పంపవలెను. రానున్న వానలకు ముందే అమీర్‌పేటలో ఈ యేర్పాటు మొదలిడవచ్చును.