పాతబండికి క్రొత్తవేగమా?

గత వేసవి సెలవులలో, మన పాఠశాలలో చదివి పాలిటెక్నిక్కునందు చేరిన యొక విద్యార్థి నాయొద్దకు వచ్చి, "అయ్యవారూ, మా యింట నొక తగవు పుట్టినది, మీరు తీర్పు చెప్పవలెను" అని కోరెను. హిందూపురములో చింతపండు వ్యాపారము చేసిన అతని తాతగారు, 1960వ దశాబ్దమున మద్రాసులో స్టాండర్డు కంపెనీవారు నిర్మించిన రెండు తలుపుల హెరాల్డు కారు నొకదానిని కొనియుండిరి. ఆయన గతించిన పిమ్మట ఆ బండి గోనెసంచుల వెనుక కొట్టములో నిలిచిపోయినది. తండ్రిగారు దానిని పాతయినుమునకు అమ్మివేయుదమందురు. కుమారుడు దాని పైకప్పును కోసి కురుచచేసి, మడ్‌గార్డులను తీసివేసి, పెద్ద యింజనును బిగించి, అమెరికావారు 'హాట్ రాడ్' అని పిలుచు పరుగుబండిగా మార్చుదుననును. మెకానిక్కు అప్పటికే అడ్వాన్సు అడుగుచుండెను. ఆ బాలునితో నేను చెప్పిన మాటలనే ఇచ్చట విద్యార్థులకును, వారి తలిదండ్రులకును విన్నవించుచున్నాను.

ముందుగా బాలుని పక్షమున చెప్పవలసినది కొంత కలదు. ఈ పరుగుబండ్లు సోమరుల చేష్టలవలన పుట్టినవి కావు. 1932లో ఫోర్డు కంపెనీ సామాన్యులు కొనగల వెలకు ఎనిమిది సిలిండర్ల యింజనుగల కారును విడుదల చేసెను. దాని శక్తి 65 గుఱ్ఱముల బలము. అట్టి బండ్లు పాతబడి చవుకయైనప్పుడు, చేతిలో ధనము లేని కాలిఫోర్నియా యువకులు వానిని కొని, బరువు తగ్గించి, యింజనుకు పదును పెట్టి, మురాక్ వంటి ఎండిపోయిన చెఱువుల సమతలముపై పరుగెత్తించి కాలమును కొలిచిరి. 1937లో వారి క్లబ్బులు కొన్ని కూడి ఒక సంఘముగా నేర్పడెను. మన మద్రాసు సమీపమున షోళవరములో, యుద్ధకాలపు విమానపు పట్టీపై, మనవారును తాము స్వయముగా మార్చిన బండ్లతో పందెములు జరిపిరి. విప్పి, చెడగొట్టి, మరల కట్టి నేర్చిన విద్య అది. దానిని పరిహసించుట పెద్దలకు తగదు. కాని ఒక్క సంగతి గమనింపుడు: చెఱువైనను, విమానపు పట్టీయైనను, అవి జనులు నడచు దారులు కావు.

ఇక బాలుని పథకమును పరీక్షింతము. అతడు యింజనుతో మొదలుపెట్టెను. నేను బ్రేకులతో మొదలుపెట్టుదును. భౌతికశాస్త్రము చదివిన ప్రతి విద్యార్థియు నెఱిగిన సూత్రమిది: వేగము రెండింతలైనచో చలనశక్తి నాలుగింతలగును. గంటకు 30 మైళ్ల వేగమున బ్రేకు త్రొక్కినపుడు ఎంత దూరమున బండి నిలుచునో, 60 మైళ్ల వేగమున ఇంచుమించు దానికి నాలుగు రెట్ల దూరము కావలెను. మన పల్లెదారులలో మలుపు తిరుగగానే గొఱ్ఱెలమంద ఎదురగును. ఆ మంద నాలుగు రెట్ల దూరము వెనుకకు జరుగదు! హెరాల్డు యింజను మొదట 948 ఘనసెంటీమీటర్లది. దాని బ్రేకులును, చట్రమును ఆ కొలతకే చేయబడినవి. పైగా ఆ కాలపు హెరాల్డు వెనుక ఇరుసు రెండు ముక్కలుగా ఊగునది. మలుపులో వేగముగా పోవుచు హఠాత్తుగా యాక్సిలరేటరును వదలినచో వెనుక చక్రములు లోనికి మడిచికొని పట్టుతప్పు స్వభావము దానికి గలదు. కాలిఫోర్నియా యువకులలో వివేకులు సయితము 1939 ఫోర్డు బండ్ల హైడ్రాలిక్ బ్రేకులను తెచ్చి తమ పాతబండ్లకు తగిలించుకొనిరి. వేగమును కోరువాడు తొలుత నిలుచుటను నేర్వవలెను.

రెండవది చట్టము. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ప్రకారము, రిజిస్ట్రేషను పత్రములోని వివరములు తయారీదారు మొదట నిర్ణయించినవానికి భిన్నమగునట్లు యజమాని తన బండిని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ నియమమునే దృఢపరచెను. అదే రకపు యింజనును అనుమతితో మార్చుకొనవచ్చును. అనుమతి లేని మార్పు చేసినచో, 2019 సవరణ ననుసరించి, ఒక్కొక్క మార్పునకు 5,000 రూపాయల జుల్మానాయో, ఆరు నెలల వరకు కారాగారమో, లేక రెండునో విధింపవచ్చును. మఱియు 2021లో వచ్చిన నిబంధనల ప్రకారము, మొదటి రిజిస్ట్రేషను జరిగి 50 ఏండ్లు దాటి, చట్రము, పైతొడుగు, యింజను మూలరూపములోనే నిలిచియున్న బండికి 'వింటేజి' అను గుర్తింపు లభించును. దానిని నిత్యము త్రిప్పరాదు గాని, ప్రదర్శనలకును ర్యాలీలకును తీసికొనిపోవచ్చును. పైకప్పుపై రంపము పెట్టిన దినమున ఆ బండి ఈ గౌరవమును పోగొట్టుకొనును. పరుగుబండిగా రోడ్డెక్కు హక్కును సయితము పొందదు.

మూడవది నా స్వానుభవము. మా తల్లిగారి పెండ్లినాటి ధర్మవరపు పట్టుచీర యొకటి మా పెట్టెలో నుండెడిది. ఎవరును కట్టుట లేదని, పండుగకు నేనే దానిని దర్జీకిచ్చి నా కుమార్తెకు పావడా కుట్టించితిని. ఆ పావడా రెండేండ్లకు పొట్టియైనది. ఇప్పుడు మా యింట చీరయు లేదు, పావడాయు లేదు. దానిని మడిచి యుంచినచో, నేడు పెద్దదైన నా కుమార్తె కట్టుకొనియుండెడిది. ఆ కత్తెర చప్పుడు నా చెవులలో నింకను నున్నది. నాటినుండి నేనొక నియమము పెట్టుకొంటిని: పూర్వికుల వస్తువును విప్పవచ్చును, శుభ్రపరుపవచ్చును, వాడుకొనవచ్చును; మరల అతుకరానట్లు మాత్రము కోయరాదు.

హెరాల్డు విషయమున ఈ నియమమును పాటించుట సులభము. ఇటలీ దేశీయుడగు మికెలొట్టి రూపకల్పన చేయగా 1959లో ఇంగ్లండున వెలువడిన ఈ కారునకు చట్రము వేరు, పైతొడుగు వేరు. తొడుగు భాగములు బోల్టులతో బిగింపబడియుండును. ముందుభాగమంతయు ఒక్కటిగా లేచి ముందుకు వ్రాలును. యింజను చుట్టు నిలిచి ప్రతి మరను చూడవచ్చును. యంత్రవిద్య నేర్వగోరు బాలునికి ఇంతకంటె మంచి పాఠ్యపుస్తకము దొరకునా?

"అయితే వేగము మాట యేమి?" అని అతడు ప్రశ్నించెను. నాయనా, వేగము నేడు అరుదైన వస్తువు కాదు. మన పెనుకొండ యొద్ద ఎఱ్ఱమంచిలో 2019 నుండి కియా కర్మాగారము కార్లను చేయుచున్నది. ఏటికి మూడు లక్షల బండ్లు చేయునట్లు అది నిర్మింపబడినది. అందు తయారగు సామాన్యమైన కారు సయితము ఆనాటి 65 గుఱ్ఱముల ఫోర్డును అవలీలగా మించును. వేగమును వెలయిచ్చి కొనవచ్చును. తాతగారు చేయిపెట్టి త్రిప్పిన ఆ చక్రమును ఏ కర్మాగారమును చేసి యీయలేదు.

కావున నా యభిప్రాయమిది. తొలుత బ్రేకులు, టైర్లు, స్టీరింగు, విద్యుత్తీగెలు బాగుచేయవలెను. పిమ్మట పాత యింజనునే విప్పి మరల కట్టవలెను. తీసివేసిన ప్రతి భాగమునకు చీటి కట్టి పెట్టెలో దాచవలెను. అప్పటికిని పరుగుబండి కోరిక తీరనిచో, రోడ్డుకు పనికిరాక పడియున్న వేఱొక బండి తొడుగును తెచ్చి, దానిని ఇష్టము వచ్చినట్లు కోసి, శ్రీపెరుంబుదూరు సమీపమున ఇరుంగాట్టుకోట్టైలో నున్నట్టి పందెపు బాటలకొఱకు, ఆ నిబంధనలకు లోబడి, నిర్మించుకొనవలెను. తలిదండ్రులకును ఒక మనవి: స్థలము కొఱకు బండిని తూకమునకు అమ్ముటయు కోతవంటిదే. అమ్మిన పిమ్మట అదియు మరల రాదు.

గతమాసమున ఆ బాలుడు మరల వచ్చెను. పైకప్పు విషయమున అతడింకను నాతో ఏకీభవింపడు. కాని మెకానిక్కునకు అడ్వాన్సు ఈయలేదట. గోనెసంచులు కొట్టములో నొక మూలకు చేరినవి. అతడు బ్రేకు డ్రమ్ములను విప్పుచుండగా తండ్రిగారు ప్రక్కన నిలిచి దీపము పట్టిరట! విద్యార్థులారా, రంపమును కొనుటకు ఎన్నడైనను వీలున్నది. ముందుగా పానాను పట్టుడు.