జేపీసీ పులివెందులకూ రావాలి

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ఓటర్లకు లోక్‌సభకూ అసెంబ్లీకీ ఒకేసారి జరిగే జమిలి ఎన్నికలు కొత్తేమీ కాదు. 2024 మే 13న ఒకే బూత్‌లో రెండు ఈవీఎంల మీద మీట నొక్కి, ఎమ్మెల్యేకొకటి, కడప ఎంపీకొకటి ఓటేసి వచ్చారు.

ఇక్కడి చిక్కు వేరు. 2025 ఆగస్టు 12న పులివెందుల జడ్పీటీసీ ఉప ఎన్నికలో తమను బూత్ దాకా రానివ్వలేదని కొందరు ఓటర్లు వాపోయారు. మర్నాడు రెండు కేంద్రాల్లో రీపోలింగ్ జరిగింది. జమిలి కోసం తెచ్చిన 129వ రాజ్యాంగ సవరణ బిల్లులో ఇలాంటి స్థానిక ఎన్నికల ఊసే లేదు.

బిల్లుల పరిశీలన విషయానికొస్తే, ఓటరు జాబితాకు ఆధార్‌ను ముడిపెట్టిన బిల్లును 2021 డిసెంబరులో ఉభయ సభలూ రెండు రోజుల్లో గట్టెక్కించాయి. స్థాయీ సంఘానికి పంపమన్న ప్రతిపక్షం మాట గాలికిపోయింది. జమిలి బిల్లు 39 మంది సభ్యుల సంయుక్త పార్లమెంటరీ కమిటీకి (జేపీసీ) వెళ్లడం అంతవరకు నయమే. ఆ కమిటీ పులివెందులకూ వచ్చి, వేలికి సిరా అంటని వాళ్ల గోడు వినాలి.