పసుపు చేలో వింత మొక్క

గంజాయి మొక్క అరుదుగా కణుపుకు రెండాకుల బదులు మూడాకులు వేస్తుంది. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కింద దాన్ని పెంచి చూడడం పెరటి ప్రయోగం కాదు, కేసు. నిజామాబాద్ జిల్లా మెండోర రైతుకు ఇలాంటి వింత మొక్కలపై కుతూహలం తీర్చుకోవడానికి పసుపు చేను ఉంది. పసుపుకు గింజ అరుదు, దుంపే విత్తనం. అందుకే ప్రతి మొక్కా తల్లికి నకలు. ఒక మొక్క వేరుగా పెరిగిందంటే కారణం ఎరువో, తేమో, విత్తనంలో కల్తీయో, నిజంగానే జన్యుమార్పో. ఎరువు, తేమ కాదని తేల్చేది మరుసటి పంటే: ఆ దుంపను విడిగా నాటినా లక్షణం నిలవాలి. 180 రోజుల్లో చేతికొచ్చే ‘ప్రగతి’ రకం కూడా దుంపల ఎంపికలోంచి వచ్చిందే. అదే జిల్లా కమ్మర్‌పల్లిలో పసుపు పరిశోధన కేంద్రం ఉంది. 2025లో నిజామాబాద్‌లో జాతీయ పసుపు బోర్డు కార్యాలయమూ తెరిచారు. రైతు పట్టుకొచ్చే వింత దుంపను నమోదు చేసుకునే బల్ల ఒకటి ఆ కార్యాలయంలో వేయాలి.