గోదురుకప్ప మీద వ్యాసమా!

సాహిత్య సభ ఏదైనా సరే, అధ్యక్షోపన్యాసం సగానికి వచ్చేసరికి ఒక ఫిర్యాదు తప్పకుండా వినబడుతుంది: ఇప్పుడు రాసేవాళ్లంతా సొంత గొడవే రాసుకుంటున్నారని. పొద్దున పేపర్లో చూసిన వార్త మీద నాలుగు మాటలు, డాబా మీద కుండీల్లో వేసిన వంగమొక్కల మీద నాలుగు, రాత్రి చదివిన నవల మీద నాలుగు, కలం ఎందుకు సాగడం లేదో వాపోతూ మరో నాలుగు. దీన్ని రచన అనాలా, ఊసుపోక కబుర్లు అనాలా అని అధ్యక్షులవారు అడుగుతారు. ముందు వరుసలోవాళ్లు నవ్వుతారు. కథ, కవిత, నవల, విమర్శలకు అవార్డులుంటాయి, పాఠ్యాంశాల్లో చోటుంటుంది. వారం వారం పత్రికలో వచ్చే ముచ్చట మాత్రం ఆదివారం చదివి సోమవారం పొట్లం కట్టుకునే కాగితం.

ఈ వెక్కిరింత వెనక ఒక సామెత ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగాడట ఇంకొకడు. దేశంలో ఇన్ని ఘోరాలు జరుగుతుంటే వంగమొక్కలేమిటి, కాఫీ ఎలా కలపాలన్న చర్చేమిటి అని దాని భావం. వినడానికి న్యాయంగానే ఉంటుంది. సాహిత్యంలో ఏది నిలిచింది, ఎందుకు నిలిచింది అని కాస్త తీరిగ్గా చూస్తే మాత్రం ఈ వాదన ఒక్క పూట కూడా నిలవదు.

ముందుగా జార్జ్ ఆర్వెల్‌ను తీసుకోవాలి. రాజకీయ రచయిత అనగానే వేళ్ల మీద మొదట లెక్కపెట్టే పేరు అదే కనుక, 'సీరియస్' రచన కావాలనే పెద్దలకు కూడా ఆయన మీద అభ్యంతరం ఉండదు. మన బీహార్‌లోని మోతిహారిలో 1903లో పుట్టిన ఈయన 1943 డిసెంబరులో లండన్ వామపక్ష వారపత్రిక 'ట్రిబ్యూన్'లో ఒక కాలమ్ మొదలుపెట్టారు. పేరు 'యాజ్ ఐ ప్లీజ్', అంటే తనకు తోచినట్టు రాస్తానని ముందే చెప్పేశారన్నమాట. 1947 దాకా సుమారు 80 వ్యాసాలు వచ్చాయి. ఒకే వారంలో యుద్ధ ప్రచారం మీద ఒక పేరా, పాత పుస్తకం మీద ఒకటి, చవక దుకాణంలో ఆరు పెన్నీలకు కొన్న గులాబీ మొక్క మీద ఇంకొకటి ఉండేవి. పువ్వులు బూర్జువా వ్యవహారమని కోప్పడుతూ ఒక పాఠకురాలు ఉత్తరం రాసిందట. మన అధ్యక్షులవారి మాట లండన్‌లో అప్పుడే వినబడిందన్నమాట.

ఆ గులాబీల చరిత్ర చూడండి. 1936లో వాలింగ్టన్ అనే పల్లెలో ఒక చిన్న ఇల్లు అద్దెకు తీసుకుని మొక్కలు నాటారు, కోళ్లను, మేకలను పెంచారు. అదే ఏడాది డిసెంబరులో స్పెయిన్ వెళ్లి ఫాసిస్టుల మీద తుపాకి పట్టారు. 1937 మేలో గొంతులోంచి తూటా దూసుకుపోయింది. గులాబీలు నాటినవాడు యుద్ధానికి పనికిరాడని ఎవరైనా అనగలరా? పైగా ఆ ఇంటి మేకల్లో ఒకదాని పేరు మ్యూరియల్. 1945లో వచ్చిన 'యానిమల్ ఫార్మ్'లో చదువు వచ్చిన మేక పేరూ మ్యూరియలే. స్టాలిన్ రష్యాను ఎండగట్టిన పుస్తకంలోకి పెరటి మేక నడిచి వచ్చింది. ఇంట్లో ఉన్నప్పుడు కోళ్లు రోజుకు ఎన్ని గుడ్లు పెట్టాయో కూడా డైరీలో రాసుకున్న మనిషి ఆయన. గుడ్లు లెక్కపెట్టే కళ్లతోనే గోడల మీది నినాదాలు రాత్రికి రాత్రి ఎలా మారిపోతాయో కూడా చూశారు.

1946 సంవత్సరం ఇంకా రుచిగా ఉంటుంది. ఆ జనవరిలో ఆర్వెల్ 'ఈవినింగ్ స్టాండర్డ్' పత్రికలో టీ ఎలా కాచాలో చెబుతూ పదకొండు సూత్రాలు రాశారు. చైనా ఆకు వద్దు, ఇండియా లేదా సిలోన్ ఆకు కావాలి, కప్పులో ముందు టీ పోసి తర్వాత పాలు కలపాలి, చక్కెర వేయకూడదు. మన ఇరానీ హోటళ్లలో ఈ ఆఖరి సూత్రం చదివి వినిపిస్తే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. అంతవరకు చూస్తే అది పక్కా ఊసుపోక వ్యాసం. కానీ అప్పటికి బ్రిటన్‌లో టీ ఆకు రేషన్ మీద వస్తోంది, మనిషికి వారానికి రెండు ఔన్సులు. సరిగ్గా కాస్తే ఆ రెండు ఔన్సుల్లోంచి ఇరవై మంచి కప్పులు ఎలా రాబట్టవచ్చో చెప్పడంతో వ్యాసం ముగుస్తుంది. గెలిచిన దేశంలో కూడా గృహస్థుడు ఆకు కొలుచుకుని బతికిన ఆ కాలం ప్రభుత్వ నివేదికల్లో అంకెలుగా ఉంటుంది. ఈ వ్యాసంలో అది నోటికి తగులుతుంది.

ఏప్రిల్‌లో ఆయన రెండు వ్యాసాలు అచ్చయ్యాయి. ఒకటి 'హొరైజన్' పత్రికలో వచ్చిన రాజకీయాలు-ఇంగ్లీషు భాష మీది వ్యాసం. అరిగిపోయిన పడికట్టు మాటలు దౌర్జన్యానికి ముసుగు ఎలా వేస్తాయో చెప్పే ఆ వ్యాసాన్ని ఇప్పటికీ ప్రపంచమంతటా విద్యార్థులు చదువుతున్నారు. రెండోది 'ట్రిబ్యూన్'లో గోదురుకప్ప మీద. చలికాలమంతా మట్టిలో దాక్కున్న కప్ప వసంతంలో బయటికి రావడం, బాంబులు పడి శిథిలమైన లండన్‌లో డెట్‌ఫర్డ్ గ్యాస్ కంపెనీ మీద డేగ ఎగరడం, వీటిని చూసి ఆనందించడానికి ఎవడికీ పన్ను కట్టనక్కర్లేకపోవడం అందులో విషయాలు. ఇలా రాస్తే తిట్టి ఉత్తరాలు రాస్తారని ఆయనకు ముందే తెలుసు, వ్యాసంలోనే ఆ మాట అనేశారు. తిట్టేవాళ్లకు జవాబు కూడా అక్కడే ఇచ్చారు: ఉన్న జీవితంలో సంతోషపడటం చేతకాని మనిషి రేపు పని తగ్గి తీరిక పెరిగితే ఆ తీరికతో ఏం చేసుకుంటాడు? కప్ప మీది వ్యాసం, భాష మీది వ్యాసం ఒకే నెలలో ఒకే చేతి నుంచి వచ్చాయి. ఒకదాన్ని సాహిత్యమని, రెండోదాన్ని కాలక్షేపమని విడదీయాలంటే కత్తి ఎక్కడ పెట్టాలో విమర్శకులే చూపించాలి.

రచయిత తన రచన గురించి తానే రాసుకోవడం కూడా ఒక నేరంగా చెలామణీలో ఉంది. సొంత డబ్బా అంటారు. భాష మీది ఆ వ్యాసం చేసిందేమిటి మరి? వాక్యం ఎలా రాయాలి, ఏ మాట కొట్టేయాలి అని ఒక రచయిత తన పనిముట్ల గురించి మాట్లాడుకోవడమే కదా. వడ్రంగి బాడిస గురించి మాట్లాడితే తప్పు పట్టని సమాజం రచయిత వాక్యం గురించి మాట్లాడితే ఎందుకు ముఖం చిట్లించుకోవాలో బోధపడదు.

ఇక చుట్టకు నిప్పడిగే సంగతి. సామెతలోలాగే నిజంగా ఊరు తగలబడినప్పుడు ఏం జరిగిందో శామ్యూల్ పీప్స్ డైరీలో ఉంది. 1666 సెప్టెంబరులో లండన్ నగరం మహాగ్నిలో చిక్కుకున్నప్పుడు ఈ నౌకాదళ అధికారి రాజు దగ్గరికి పరిగెత్తి, మంటలు ఆగాలంటే ఇళ్లు కూలగొట్టించాలని చెప్పి వచ్చాడు. ఆ తర్వాత పెరట్లో గొయ్యి తవ్వి వైను, పార్మెజాన్ జున్ను పాతిపెట్టుకున్నాడు. రెండూ ఒకే డైరీలో రాశాడు, దేనికీ సిగ్గుపడలేదు. 1660 నుంచి 1669 వరకు పొట్టి లిపిలో రాసుకున్న ఆ డైరీ 1825లో గానీ అచ్చుకు రాలేదు. ఈ రోజు ఆ అగ్నిప్రమాదం గురించి ఎవరు పుస్తకం రాసినా జున్ను గొయ్యి దగ్గర ఆగకుండా ముందుకు పోలేరు. భయపడిన మనిషి ఏం చేస్తాడో అక్కడ కనబడుతుంది కాబట్టి.

తెలుగు దగ్గరికొస్తే ఈ చిన్నచూపు మరీ వింతగా ఉంటుంది. మన ఆధునిక వ్యాసం పేరు తెచ్చుకుందే పత్రికా కాలమ్‌లో. పానుగంటి లక్ష్మీనరసింహారావుగారి 'సాక్షి' వ్యాసాలకు నమూనా అడిసన్, స్టీల్‌లు నడిపిన 'స్పెక్టేటర్'. 1711 మార్చి నుంచి 1712 డిసెంబరు వరకు నడిచి, మొదట్లో ఒక పెన్నీకి అమ్మిన దినపత్రిక అది, మొత్తం 555 సంచికలు. ఒక్క పూటకు మించి బతకదని ఎవరైనా పందెం కాయగల సరుకు. అది రెండు వందల ఏళ్లు దాటి వచ్చి పిఠాపురం ఆస్థాన కవి పానుగంటి చేతిలో జంఘాల శాస్త్రి అనే పాత్రగా మళ్లీ పుట్టింది. 'సాక్షి' కూడా పత్రికల్లోనే వచ్చింది, తరవాతే సంపుటాలైంది. సభలో సాక్షి వ్యాసాలను పొగిడి, అదే నోటితో కాలమ్ సాహిత్యం కాదనే పెద్దమనిషి తన ఉపన్యాసాన్ని తానే ఖండించుకుంటున్నాడు. కాళోజీ అయితే ఈ నిందను ముందే నెత్తికెత్తుకుని తన కవిత్వానికి 'నా గొడవ' అని పేరు పెట్టుకున్నారు. నిజాం పాలన మొదలుకుని ఎన్నికలు, ఎమర్జెన్సీ దాకా ఆయన గొడవలో పడనిది లేదు. సొంత గొడవ పనికిరాదనేవాళ్లే ఆయన జయంతి అయిన సెప్టెంబరు 9న ఆయన పటానికి దండ వేస్తారు.

మాలతీ చందూర్‌గారి సంగతి ఇంకా నేరుగా విషయాన్ని తేలుస్తుంది. ఆంధ్రప్రభ వారపత్రికలో ఆవిడ 'ప్రమదావనం' నాలుగు దశాబ్దాలకు పైగా నడిచింది. వంటలు, ఆరోగ్యం, అత్తాకోడళ్ల తగాదా, ఆడపిల్ల చదువు, పుస్తకాలు, లోకంలో వింతలు, ఏదడిగినా జవాబు ఉండేది. కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు 1992లో 'హృదయనేత్రి' నవలకు వచ్చింది, సంతోషమే. అయితే తెలుగిళ్లలో ఆవిడ పేరు నిలబెట్టింది ఏదని ఒక తరం స్త్రీలను అడిగితే 'ప్రమదావనం' అనే అంటారు. దాన్ని ఆడవాళ్ల పేజీ అని పక్కన పెట్టిన విమర్శకులు, ఆంధ్రజ్యోతి వారపత్రిక సంపాదకులు పురాణం సుబ్రహ్మణ్యశర్మగారు 'పురాణం సీత' పేరుతో 'ఇల్లాలి ముచ్చట్లు' రాస్తే మాత్రం వ్యంగ్యంలో ప్రయోగమన్నారు. మగవాడు ఇల్లాలి గొంతుతో రాస్తే కళ, ఇల్లాలే రాస్తే కబుర్లు. ఈ లెక్కను ఎవరూ బాహాటంగా ఒప్పుకోరు గానీ అమలు మాత్రం చేస్తూనే ఉంటారు.

నిజమే, పత్రికల్లో వచ్చే ముచ్చట్లలో చెత్త చాలానే ఉంది. వరదొస్తే వరద మీద, క్రికెట్ ఓడితే క్రికెట్ మీద, ఎవరైనా పోతే వారి మీద అరగంటలో తయారయ్యే అభిప్రాయాలు ఏ మనిషివో చెప్పలేం. పేరు తీసేసి ఇంకో పేరు పెట్టినా అతికిపోతాయి. అధ్యక్షులవారి కోపం నిజానికి వీటి మీద ఉండాలి. వీటి జబ్బు సొంత గొడవ ఎక్కువవడం అనుకోవడం పొరపాటు. అందులో సొంతం అసలు లేదు. ఆ రాసినాయన ఇంట్లోకి నీళ్లొచ్చాయా, వస్తే బియ్యం బస్తా ఎక్కడ పెట్టారు, పక్కవాళ్లు ఎవరింటి డాబా ఎక్కారు అన్నది ఒక్క వాక్యమైనా ఉంటే ఆ వ్యాసం వచ్చే వానాకాలం దాకా బతికేది.

అలాంటి వాక్యాలతో బతికిన పుస్తకం తెలుగులో ఒకటుంది. చెన్నపట్నం సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న పరివారంతో కాశీకి బయలుదేరి, 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరారు. కడప, హైదరాబాదు, నాగపూరు మీదుగా వెళ్లి, కలకత్తా, పూరీ, శ్రీకాకుళం మీదుగా తిరిగొచ్చారు. దారిలో చూసిందంతా రాసుకుంటూ మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లెకు పంపేవారు. ఏ మజిలీలో ఏ సరుకు దొరుకుతుంది, ఏ ఊళ్లో నీళ్లు మంచివి, ఎక్కడ ఏ నాణెం చెల్లుతుంది, ఏటిని ఎలా దాటాలి, తీర్థాల్లో యాత్రికుల దగ్గర ఎంత సుంకం గుంజుతున్నారు, ఇవీ అందులో సంగతులు. మధ్యమధ్యలో దేవుడి గురించి, మతాల గురించి తన ఆలోచనలు. భాష ఆయన మాట్లాడుకునే భాషకు దగ్గరగా ఉంటుంది, గిడుగువారి వాడుకభాషా ఉద్యమానికి ముప్పావు శతాబ్దం ముందే. ఏ సాహిత్య ప్రక్రియలోనూ పేరు తెచ్చుకోవాలని ఆయన రాయలేదు. 1838లో, ఆయన పోయిన తర్వాత, పిళ్లె ఆ రాతల్ని 'కాశీయాత్ర చరిత్ర'గా అచ్చువేయించారు. కంపెనీ పాలన, నవాబుల పాలన పక్కపక్కనే నడిచిన రోజుల్లో మామూలు మనిషి దారి ఖర్చు తెలియాలంటే చరిత్రకారులు ఇప్పటికీ ఆ పుస్తకం దగ్గరికే వెళ్తారు. ప్రబంధాల మీద పుంఖానుపుంఖాలుగా విమర్శ వెలువడిన కాలంలో దీని ఊసు ఎత్తినవాళ్లు తక్కువ. 1941లో వివరణలతో మళ్లీ అచ్చువేయించి నలుగురి చేతికి అందించినవారు బెజవాడలో వకీలుగా ఉంటూ చరిత్ర పరిశోధన చేసిన దిగవల్లి వేంకట శివరావుగారు.