కృష్ణపట్నం జనాన్ని తిట్టడం మానండి, జవాబు చెప్పండి

2021 మే నెలలో నెల్లూరు జిల్లా ముత్తుకూరు మండలం కృష్ణపట్నం దారి మీద కార్లు, ఆటోలు, అంబులెన్సులు బారులు తీరాయి. కోవిడ్‌కని బొణిగి ఆనందయ్య ఇచ్చే నాటుమందు కోసం పక్క రాష్ట్రాల నుంచి కూడా జనం దిగారు. ఊపిరాడని మనిషిని ఆస్పత్రి మంచం మీద నుంచి లేపుకొచ్చినవాళ్లూ ఉన్నారు. కంట్లో చుక్కలు వేయగానే నిమిషాల్లో తేరుకున్నానని ఒక పెద్దాయన చెప్పిన వీడియో అప్పటికే ప్రతి ఫోన్‌లోనూ ఉంది. కొద్దిరోజులకే ఆయన నెల్లూరు ప్రభుత్వాస్పత్రిలో చనిపోయాడు.

అప్పుడు మొదలైంది తిట్ల దండకం. మూఢజనం, వాట్సాప్ జనం, చదువులేని జనం. ఏళ్లు గడిచినా ఇంటర్నెట్టూ వైద్యమూ అన్న మాట వస్తే చాలు, ఇంకా కృష్ణపట్నం పేరే ఎత్తి జనాన్ని వెక్కిరిస్తున్నారు. నేను ఒప్పుకోను. ఆ బారులో నిలబడ్డవాడి తప్పు చాలా చిన్నది. వాడికి జవాబు చెప్పకుండా తలుపులు మూసుకున్నవాళ్ల తప్పు కొండంత.

ఆ మనిషి పరిస్థితి ఒక్కసారి తలుచుకోండి. కొడుకు వార్డులో ఉన్నాడు. లోపలికి పోనివ్వరు. ఆక్సిజన్ ఎంతుందో చెప్పేవాడు లేడు. ఏ ఇంజక్షన్ ఇస్తున్నారో, ఎందుకిస్తున్నారో తెలియదు. టీకా వేయించుకుందామంటే, 18 దాటినవాళ్లకు ఏప్రిల్ 28న టీకా నమోదు వెబ్‌సైటు కోవిన్ తెరిచారు, అదీ ఇంగ్లీషులో. తెలుగు అందులోకి వచ్చేసరికి జూన్ వచ్చింది. ఇంత చీకట్లో తెలుగులో, పైసా అడగకుండా, రండి ఇస్తాను అన్న గొంతు ఒక్కటే వినిపించింది. మనిషి అటు పోక ఎటు పోతాడు?

ఆ మందు కోవిడ్‌ను తగ్గిస్తుందని రుజువు కాలేదు. ఆ మాట గట్టిగా చెప్పాల్సిందే. కానీ ప్రభుత్వం ఎలా చెప్పింది? మే 31న పి, ఎల్, ఎఫ్ అనే రకాలకు అనుమతి, కె రకానికి లేదు, కంట్లో వేసే చుక్కలకు నివేదికలు వచ్చేదాకా లేదు అంది. హాని లేదన్నారు, తగ్గుతుందనడానికి ఆధారం లేదన్నారు, పంచవచ్చన్నారు. మూడూ ఒకే ప్రకటనలో. హాని లేకపోవడం వేరు, జబ్బు తగ్గడం వేరు అని ఒక డాక్టరు కూర్చుని, ఊళ్లో మాట్లాడే తెలుగులో, జనం అడిగే ప్రశ్నలు తీసుకుంటూ రోజూ అరగంట చెప్పి ఉంటే? అదే వాట్సాప్‌లో అదీ తిరిగేది. కేబుల్ ఉంది, ఫోన్ ఉంది, మెడికల్ కాలేజీ ఉంది. చెప్పాలన్న పట్టుదలే లేదు.

అదే మే 31న సుప్రీంకోర్టు కూడా కోవిన్ గురించి కేంద్రాన్ని నిలదీసింది: ఇంటర్నెట్టూ ఫోనూ లేనివాళ్ల సంగతేమిటని. ఆ ప్రశ్న టీకాతో తీరిపోలేదు. పట్టపుపాలెంలో ఒకామె షుగరు చీటీ పట్టుకుని వస్తుంది, అందులో ఒక్క అక్షరం తెలుగు ఉండదు. మనవడు ఫోన్‌లో మందు పేరు కొట్టి ఏదో చదివి వినిపిస్తాడు. మళ్లీ ఆస్పత్రికి పోయినప్పుడు ఆమె భయపడుతూ డాక్టరును అడుగుతుంది. "గూగుల్ చూసొచ్చావా? చెప్పినవి మింగమ్మా" అంటారు. ఆ ఒక్క మాటతో ఆమె మళ్లీ నోరు తెరవదు. ఇంటికొచ్చి యూట్యూబ్ తెరుస్తుంది. అక్కడ షుగరును వేళ్లతో సహా పీకేస్తామనేవాడు నవ్వుతూ పిలుస్తాడు. షుగరు నయం చేస్తామని మందుకు ప్రకటన ఇవ్వడం 1954 చట్టం ప్రకారం నేరం. అడిగినందుకు ఆమెను గద్దించేవాళ్లు వాణ్ణి ఎందుకు గద్దించరు?

రోగికి అర్థమయ్యేలా చెప్పడం ఈ జిల్లాకు కొత్త కాదు. కమ్యూనిస్టు నేత పుచ్చలపల్లి సుందరయ్య తమ్ముడు డాక్టర్ రామచంద్రారెడ్డి నెల్లూరులో ప్రజావైద్యశాల నడిపారు. పల్లెల నుంచి వచ్చిన కుర్రాళ్లకు అక్కడ వైద్యం నేర్పి తిరిగి ఊళ్లకు పంపారు. విద్య డాక్టరు గదిలోనే బందీగా ఉండకూడదన్నది అక్కడి పట్టు. ఇంటర్నెట్ లేని రోజుల్లో సైకిళ్ల మీద ఊళ్లకు చేరిన వైద్యజ్ఞానం, చేతిచేతికీ ఫోనున్న ఈ రోజుల్లో చేరడం లేదంటే సిగ్గుపడాల్సింది ఎవరు?

ఈ-సంజీవని ఉందిగా అంటారు. ఉంది. ఊరి క్లినిక్‌లో కూర్చోబెట్టి తెర మీద దూరాన ఉన్న డాక్టరుతో మాట్లాడించే ఏర్పాటు అది. సంప్రదింపుల లెక్కలో ఆంధ్రప్రదేశ్ దేశంలోనే ముందు వరుసలో ఉంది. మంచి పని, కాదనను. తుపాను రోజున ఇందుకూరుపేట నుంచో కోట నుంచో బస్సెక్కి నెల్లూరు పోయే బాధ తప్పుతుంది. అయితే మనం లెక్కపెడుతున్నది ఎన్ని కాల్స్ అన్నదే. ఆ తెర ముందు నుంచి లేచిన మనిషికి తన జబ్బేమిటో తెలిసిందా అన్నది ఏ పట్టికలోనూ లేదు. 2021 సెప్టెంబరులో కేంద్రం డిజిటల్ హెల్త్ మిషన్‌ను దేశమంతటికీ తెచ్చాక ఆరోగ్య రికార్డుల కోసం 14 అంకెల ఆభా నంబరు చేతికిస్తున్నారు. నంబరు రోగిదే, రికార్డూ రోగిదే అంటారు. తన రికార్డు తాను చదువుకోలేని మనిషికి అది తనదెలా అవుతుంది? రోగి గానీ, రోగి తరఫున అధికారం ఉన్నవాళ్లు గానీ అడిగితే 72 గంటల్లో కాగితాలు ఇవ్వాలని వైద్యమండలి నిబంధన 2002 నుంచే ఉంది. అడిగి చూడండి ఏమంటారో.

డాక్టర్ల మీద పనిభారం నాకు తెలియనిది కాదు. ఒక్కో ఓపీలో ఎంతమంది తోసుకొస్తారో చూస్తూనే ఉన్నాం. అందుకే ఆ భారం తగ్గించే మార్గంగానే ఇంటర్నెట్‌ను వాడుకోమంటున్నాను. బీపీకి ఉప్పెందుకు తగ్గించాలో రోజుకు వందసార్లు చెప్పే బదులు ఒకసారి మంచి తెలుగులో చెప్పి ఊరి ఆశా కార్యకర్త ఫోన్‌కు పంపండి. నెల్లూరు ప్రభుత్వాస్పత్రి నుంచి ఇంటికి పంపే ప్రతి డిశ్చార్జి కాగితం తెలుగులో ఇవ్వండి: వచ్చిన జబ్బేమిటి, ఏ మందు ఎందుకు, ఏం కనిపిస్తే వెంటనే రావాలి. దాని మీద రోగి వాట్సాప్‌లో ప్రశ్న పంపడానికి ఒక నంబరు వేయండి. ఆ నంబరు వెనక జవాబిచ్చే మనిషిని కూర్చోబెట్టి, ఆ జీతాన్ని ఈ ఏడాది బడ్జెట్లోనే చూపించండి.